నిజం చెబితే రేటు పడిపోతుందా?

స్థలం బాగుందని చెప్పేవాళ్లు విశాఖలో వీధికి పదిమంది ఉంటారు. బాగోలేదని చెప్పేవాడు ఒక్కడున్నా చాలు, ఆ ఒక్కడి నోరు మూయించడానికి పదిమందీ ఏకమైపోతారు. ఎందుకలా? అప్పుడు ఆ ఒక్కడు ఏం చెయ్యాలి?

ఆదివారం పొద్దున్నే గాజువాక, ఎన్‌ఏడీ కూడలి, మద్దిలపాలెం... ఎక్కడ నిలబడ్డా ఆ బస్సులు కనిపిస్తాయి. ముందు అద్దానికి వెంచర్ పేరుతో బ్యానరు. లోపల పిల్లాపాపలతో కుటుంబాలు. టిఫిను వాళ్లదే, మధ్యాహ్నం బిర్యానీ వాళ్లదే, సాయంత్రం ఇంటి దగ్గర దింపే బాధ్యతా వాళ్లదే. ఆనందపురం దాటాక ఎక్కడో బస్సు ఆగుతుంది. రంగురంగుల జెండాలు, సున్నం వేసిన హద్దు రాళ్లు, నెల కిందట నాటిన కొబ్బరి మొక్కలు, వాటన్నిటికీ ముందు ఓ పెద్ద ఆర్చి.

''ఇక్కణ్నుంచి ఎయిర్‌పోర్టుకి పదిహేను నిమిషాలండీ!''

ఏ బండి మీద, ఎంత వేగంతో... అని ఎవరూ అడగరు. అడగాలని ఉన్నా అడగరు. తీసుకొచ్చినవాడు పరాయివాడు కాదు మరి. ఎదురింటి కుర్రాడో, ఆఫీసులో పాత స్నేహితుడో, వరసకి బావమరిదో అయ్యుంటాడు. పొద్దున్న అతను పెట్టించిన ఇడ్లీ తిని, మధ్యాహ్నం అతని మాటనే శంకిస్తే ఏం మర్యాద?

స్థలాల వ్యాపారంలో నోళ్లు మూతపడటం అక్కడే మొదలవుతుంది. బెదిరింపుల దాకా వెళ్లక్కర్లేదు. చాలాసార్లు మొహమాటమే ఆ పని చేసిపెడుతుంది.

వార్త మారితే బ్రోచర్ మారుతుంది

విశాఖకి నేల విలువ ఈమధ్యే తెలిసింది కాదు. 1933లో రేవు ప్రారంభమైంది. 1971లో ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. 64 గ్రామాల నేల ఆ కర్మాగారం కోసం పోయింది. ఇళ్లూ పొలాలూ ఇచ్చినవాళ్లకి మిగిలింది కొంత పరిహారం, నిర్వాసితుల కార్డు, ఉద్యోగం వస్తుందన్న ఆశ. 1992లో కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. గాజువాక, కూర్మన్నపాలెం వైపు ఊరు విస్తరించింది. మధురవాడ, ఆనందపురం, భోగాపురం వైపు పరుగు తర్వాతి ముచ్చట.

ఆ పరుగుకి ఎప్పటికప్పుడు ఓ కొత్త కారణం దొరుకుతూనే ఉంది. 2019 డిసెంబరులో విశాఖ కార్యనిర్వాహక రాజధాని కావచ్చన్న ప్రకటన వచ్చింది. బ్రోచర్ల మీద సచివాలయం బొమ్మలు వెలిశాయి. భోగాపురం విమానాశ్రయానికి 2019లో ఒకసారి, 2023లో మరోసారి శంకుస్థాపన జరిగింది. రెండుసార్లూ కొత్త బ్రోచర్లు. 2024లో ప్రభుత్వం మారింది, రాజధాని అమరావతేనని తేలింది. సచివాలయం బొమ్మలు మాయం. 2025 జనవరిలో దక్షిణ కోస్తా రైల్వే జోన్ కార్యాలయానికి శంకుస్థాపన, అక్టోబరులో గూగుల్ డేటా కేంద్రం ప్రకటన... మళ్లీ కొత్త బొమ్మలు.

ఈ వార్తలు అబద్ధాలు కావు. అందుకే వాటి పక్కన నిలబెట్టిన స్థలం కూడా నిజంలాగే కనిపిస్తుంది. గూగుల్ వస్తుందా అని అడిగితే జవాబుంది. ఈ సర్వే నంబరులో గెడ్డ ఉందా అని అడిగితే మాత్రం ఎవరి దగ్గరా జవాబుండదు.

పైగా ఇది భూమి కాగితాలు అంత తేలిగ్గా నమ్మదగ్గ ఊరు కాదు. విశాఖ జిల్లాలో భూరికార్డుల తారుమారు ఆరోపణల మీద 2017లో ప్రభుత్వం ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని వేసింది. ప్రభుత్వం మారాక 2019లో ఇంకో బృందాన్ని వేశారు. సింహాచలం దేవస్థానం భూముల వివాదంలో అడివివరం, వేపగుంట లాంటి పంచగ్రామాల జనం ఇళ్లు కట్టుకుని కూడా దశాబ్దాల పాటు హక్కు కోసం తిరిగారు. ఇలాంటిచోట ఎవరైనా నాలుగు ప్రశ్నలు వేస్తే వాళ్లని నెత్తిన పెట్టుకోవాలి. జరిగేది వేరు.

కేంద్రంలో కార్యదర్శిగా పనిచేసి విశాఖలో స్థిరపడిన ఇ.ఎ.ఎస్.శర్మ భూముల విషయంలో ప్రభుత్వాలకి ఏళ్ల తరబడి లేఖలు రాశారు. అలాంటివారి మాటకి పదవి తెచ్చిన బరువుంటుంది. ఏ బరువూ లేని మామూలు మనిషి అదే పని చేస్తే?

ఒక పెద్దాయన

గాజువాక దగ్గర ఉండే ఒక పెద్దాయన సంగతే తీసుకుందాం. తండ్రి పొలం స్టీల్‌ప్లాంటు కింద పోయింది. ఆ కార్డు మీదే కొడుక్కి ప్లాంటులో ఉద్యోగం వచ్చింది. షిఫ్టుల్లో ముప్ఫైయేళ్లు పనిచేసి 2017లో రిటైరయ్యాడు. పీఎఫ్, గ్రాట్యుటీ డబ్బుల్లో కొంత కొడుకు చదువుకి పోయింది. కొంత బ్యాంకులో వేశాడు. మిగిలిందాంతో 2022లో ఆనందపురం అవతల 200 గజాల స్థలం కొన్నాడు.

అమ్మినవాడు ఎవరో కాదు, భార్య అన్నగారి కొడుకు.

''ఎల్పీ నంబరు వచ్చేస్తాది మావయ్యా, ఫైలు టేబుల్ మీదే ఉంది'' అన్నాడు. బ్రోచర్ కింద చిన్న అక్షరాల్లో 'రెరా అప్లైడ్' అని ఉంది. 'అప్లైడ్' అంటే దరఖాస్తు పెట్టారని మాత్రమే అర్థం, అనుమతి వచ్చిందని కాదు. ఆ తేడా అప్పుడు పెద్దాయనకి తట్టలేదు. పేపర్లో ఫుల్ పేజీ ప్రకటన చూసి, ఇంత పెద్దగా వేశారంటే అంతా సవ్యంగానే ఉంటుందిలే అనుకున్నాడు. రిజిస్ట్రేషన్ అయిపోయింది. ఇంట్లో పరమాన్నం వండుకున్నారు.

రెండేళ్ల తర్వాత ఇల్లు కడదామని బ్యాంకుకి వెళితే అసలు సంగతి బయటపడింది. లేఅవుట్‌కి అనుమతి లేదు కాబట్టి అప్పు ఇవ్వలేమన్నారు. అప్పుడు మండల కార్యాలయం చుట్టూ తిరిగాడు. సర్వే పటం తీయించాడు. దస్తావేజులో రాసిన సర్వే నంబరు ఒకటి. నేల మీద రాళ్లు పాతింది దాని పక్క నంబరులో. ఆ పక్క నంబరులో కొంత భాగం గెడ్డ పోరంబోకు. వెనక వరసల్లో ఉన్న ప్లాట్లన్నిటిదీ అదే పరిస్థితి. ఎండాకాలంలో చూస్తే అక్కడ గెడ్డ ఉందని ఎవరూ అనుకోరు. పెద్ద వాన పడితే మాత్రం నీళ్లకి పాత దారి గుర్తుంటుంది.

ముందు వరస ప్లాట్లు అప్పటికింకా అమ్ముతూనే ఉన్నారు. పెద్దాయన ఆదివారాలు గొడుగేసుకుని అక్కడికి వెళ్లడం మొదలెట్టాడు. బస్సు దిగినవాళ్లతో ఒకటే మాట. ''బాబూ, టోకెన్ ఇచ్చేముందు సర్వే పటం చూడండి. గెడ్డ ఎక్కడుందో అడగండి.''

టీ, ఫోను, తిట్టు

మొదట టీ ఇచ్చారు. ఆఫీసులో ఏసీ గదిలో కూర్చోబెట్టి, ''మీ ప్లాటు ముందు వరసలోకి మార్చేస్తాం మాస్టారూ. నలుగురిలో అలా అనకండి'' అన్నారు. మారిస్తే తన సమస్య తీరుతుంది. తను ఖాళీ చేసిన ప్లాటు ఇంకొకడికి అమ్ముతారు కదా! పెద్దాయన టీ తాగి వచ్చేశాడు.

తర్వాత ఇంటికి ఫోను వచ్చింది, బావమరిది నుంచి. ''ఏటి బావా, కుర్రాడి బతుకుతెరువు మీద కొడతావా? నీకు అన్యాయం జరిగితే మాతో చెప్పు. దారినపోయేవాళ్లతో ఎందుకు?'' భార్య రెండ్రోజులు సరిగ్గా మాట్లాడలేదు. పుట్టింటివాళ్లతో గొడవంటే ఎవరికి మాత్రం ఇష్టం? ఆ సంక్రాంతికి అన్నగారింటి నుంచి పిలుపు రాలేదు.

ఆ మేనల్లుణ్ని దుర్మార్గుడనడానికీ లేదు. జీతం లేని ఉద్యోగం అతనిది. ప్లాటు అమ్మితేనే కమీషను. కంపెనీ చెప్పిన మాట నమ్మి, వడ్డీకి అప్పు తెచ్చి తనూ అక్కడే ఓ ప్లాటు కొన్నాడు. నమ్మినవాడు కాబట్టే నమ్మకంగా అమ్మగలిగాడు. ఇలాంటి కుర్రాళ్లు ఈ ఊళ్లో ఎందరో. తెల్లచొక్కా వేసుకుని పొద్దున్నే బయల్దేరతారు. ముందు తెలిసినవాళ్లకీ చుట్టాలకీ అమ్ముతారు. ఆ జాబితా అయిపోయేసరికి స్నేహాలూ చుట్టరికాలూ సగం ఖర్చయిపోతాయి.

మూడోది తిట్టు. అది కంపెనీవాళ్ల నుంచి రాలేదు. తనలాగే అక్కడ స్థలం కొన్నవాళ్ల దగ్గర్నుంచి వచ్చింది.

''అమ్మేదాకా ఆగండి మాస్టారూ''

వెనక వరసలోనే ప్లాటున్న ఒకాయన ఓ సాయంత్రం ఇంటికొచ్చాడు. రేవులో పనిచేసి రిటైరైన మనిషి. కూతురి పెళ్లి కుదిరింది. ఆ ప్లాటు అమ్మితేనే పెళ్లి ఖర్చులు గట్టెక్కుతాయి. బేరం ఒకటి వచ్చింది. కొనేవాళ్లు ఆదివారం చూడ్డానికి వస్తున్నారు.

''మీ మాట అబద్ధమనను. కానీ ఒక్క నెల ఆగండి. నాది అమ్ముడయ్యాక మీ ఇష్టం. ఆడపిల్ల తండ్రిని'' అన్నాడు.

పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, ''కొనేవాడికీ కూతురుంటే?'' అన్నాడు.

ఆ మనిషి లేచి వెళ్లిపోయాడు. గుమ్మం దాటుతూ అన్న మాటలు వీధంతా విన్నది. శుభమా అని పెళ్లనుకుంటే నోటితో పాడు చేస్తున్నాడనీ, తనకి లేనిది ఇంకొకరికి ఉండకూడదన్న ఏడుపనీ...

స్థలాల విషయంలో నిజం చెప్పేవాడికి అసలు చిక్కు ఇదే. కంపెనీకి ఎదురెళ్లడం ఒక ఎత్తు. తనలాగే మోసపోయినవాళ్లకి ఎదురెళ్లడం ఇంకో ఎత్తు. స్థలం కొనని రోజున అందరికీ నిజం కావాలి. కొన్న మర్నాటి నుంచీ రేటు కావాలి. పక్క ప్లాటు ఎక్కువకి అమ్ముడుపోతే తమదీ పెరిగిందని లెక్క వేసుకుంటారు. ఒకడు నోరు విప్పితే ఆ లెక్క చెదిరిపోతుంది. అందుకే కంపెనీ నోరు తెరవకుండానే దాని తరఫున కాపలా కాసేవాళ్లు తయారవుతారు. నిజానికి రేటు తగ్గించింది పెద్దాయన మాట కాదు. గెడ్డ అక్కడ ముందునుంచీ ఉంది. ఆ సంగతి చివర తెలుసుకున్నవాడి చేతిలో నష్టం మిగలాలి, అది తను కాకూడదు... అన్నదే అక్కడున్న అందరి ఆరాటం.

లాయరు నోటీసు

2025 వేసవిలో రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు వచ్చింది. కంపెనీ పరువు తీస్తున్నారు, వారంలో రాతపూర్వకంగా క్షమాపణ చెప్పాలి, లేకుంటే నష్టపరిహారం కట్టాలి. అందులో రాసిన అంకె ఆయన పెన్షనుతో ఈ జన్మకి తీరేది కాదు. జైలు అన్న మాట కూడా ఉంది. ఆ రాత్రి ఇంట్లో ఎవరూ అన్నం సరిగ్గా తినలేదు.

ఇలాంటి కాగితం వచ్చినప్పుడు నూటికి తొంభైమంది నోరు మూసుకుంటారు. నోటీసు పంపేది కూడా అందుకే. కాబట్టి దాని గురించి కొంచెం తెలుసుకోవడం మంచిది.

నోటీసు కోర్టు తీర్పు కాదు, అవతలివాళ్ల లాయరు రాసిన ఉత్తరం. జవాబివ్వాలి, భయపడక్కర్లేదు. పరువునష్టం నేరమన్నది నిజమే. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షను దాని గురించే. రెండేళ్ల దాకా సాధారణ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ, లేదా సమాజ సేవ శిక్షగా పడొచ్చు. అయితే పాత శిక్షాస్మృతిలో ఉన్నట్టే ఇందులోనూ మినహాయింపులున్నాయి. ప్రజల మేలు కోసం చెప్పిన నిజం నేరం కాదు. తన ప్రయోజనాన్ని గానీ ఇతరుల ప్రయోజనాన్ని గానీ కాపాడుకోవడానికి సదుద్దేశంతో అన్న మాట నేరం కాదు. ఎదుటివాడి మేలుకోరి సదుద్దేశంతో చేసే హెచ్చరికా నేరం కాదు. స్థలం చూడ్డానికి వచ్చినవాడితో 'పటం చూసుకో బాబూ' అనడం ఈ చివరిదానికి దగ్గరగా ఉంటుంది.

ఇలాంటి గొడవే ముంబైలోని బోరివలీలో జరిగింది. అక్కడ ఓ భవనంలో ఫ్లాట్లు కొన్నవాళ్లు 2015 ఆగస్టులో ఒక బోర్డు పెట్టారు. నీళ్ల ఇబ్బంది, లిఫ్టు సమస్యలు, లీకేజీలు, లెక్కలు చూపకపోవడం... ఇలా తమ బాధలన్నీ దానిమీద రాశారు. బిల్డరు పరువునష్టం కేసు వేశాడు. కేసు కింది కోర్టు నుంచి హైకోర్టుకి, అక్కణ్నుంచి సుప్రీంకోర్టుకి వెళ్లింది. 2025 ఏప్రిల్ 17న జస్టిస్ కె.వి.విశ్వనాథన్, జస్టిస్ ఎన్.కోటీశ్వర్ సింగ్ ఆ కేసును కొట్టేశారు. శాంతంగా నిరసన తెలిపే హక్కు కొన్నవాళ్లకి ఉందన్నారు. ఆ బోర్డు మీద దూషణ లేదనీ, మోసం, దగా లాంటి మాటలు వాడలేదనీ ప్రత్యేకంగా గమనించారు. వాళ్లు హద్దు దాటలేదన్నది తీర్పు సారం.

ఆ తీర్పులో ఊరటా ఉంది, హెచ్చరికా ఉంది. ఊరట ఏమిటంటే, మన కష్టం మనం చెప్పుకోవచ్చు. హెచ్చరిక ఏమిటంటే, చెప్పేటప్పుడు నాలుక అదుపులో ఉండాలి. ఇంకో సంగతీ ఉంది. ఆ బోర్డు తప్పు కాదని తేలడానికి దాదాపు పదేళ్లు పట్టింది. ఆ పదేళ్లూ కోర్టుల చుట్టూ తిరిగింది మామూలు కుటుంబాలే.

మాట తగ్గింది, కాగితం పెరిగింది

పెద్దాయన గాజువాకలో ఓ లాయరు దగ్గరికి వెళ్లాడు. లాయరు మొత్తం విని ఒక ప్రశ్న వేశాడు. ''అక్కడ మీరు 'దొంగలు' అన్నారా?'' ఒకట్రెండుసార్లు అన్నట్టు గుర్తే. ''ఇకనుంచి ఆ మాట అనకండి. పటంలో ఉన్నది మాత్రం చెప్పండి'' అన్నాడు.

నోటీసుకి జవాబు వెళ్లింది. దాంతోపాటు సర్వే పటం నకలు, బ్యాంకువాళ్లు అప్పు ఇవ్వలేమని రాసిచ్చిన కాగితం జతచేశారు. రెరాకి ఫిర్యాదు కూడా తయారైంది.

రెరా చట్టం 2016లో వచ్చింది. 2017 మే 1 నుంచి పూర్తిగా అమల్లో ఉంది. 500 చదరపు మీటర్లు, అంటే సుమారు 600 గజాలు దాటిన లేఅవుట్ ఏదైనా ముందు రెరాలో నమోదు కావాలి. కాకుండా అమ్మడమే కాదు, ప్రకటన ఇవ్వడమూ తప్పే. 'రెరా అప్లైడ్' అన్న మాటకి చట్టంలో చోటు లేదు. అమ్మే ఏజెంటూ విడిగా నమోదు కావాలి. ప్రకటనలో చెప్పింది అబద్ధమైతే కొన్నవాడు వడ్డీతో సహా డబ్బు వెనక్కి అడగొచ్చు. వీధిలో చెప్పిన మాటని గాలికి పోనివ్వొచ్చు. నంబరు పడిన ఫిర్యాదుకి ఎవరో ఒకరు జవాబు చెప్పాలి.

పెద్దాయన ఇప్పుడు స్థలం దగ్గర వాదనకి దిగడు. ఎవరైనా అడిగితే పటం నకలు చేతిలో పెడతాడు. దానిమీద సర్వే నంబరు, నకలు తీసుకున్న తేదీ ఉంటాయి. ఆయన సంతకం తప్ప వేరే మాట ఉండదు. చదువుకున్నవాళ్లు చూసుకుంటారు. తెలియనివాళ్లు పక్కవాళ్లని అడుగుతారు. రెండో నోటీసు రాలేదు.

ఫిర్యాదు తేలలేదు. బావమరిది ఇంటితో రాకపోకలూ కుదుటపడలేదు. రేవు ఉద్యోగి కూతురి పెళ్లి మాత్రం జరిగింది. పీఎఫ్ డబ్బులు మొత్తం తీసేసి, చాలనిదానికి బంగారం తాకట్టు పెట్టి చేశాడు. ప్లాటు అమ్ముడుపోలేదు. ఆ సాయంత్రం తర్వాత ఆర్నెల్లు పెద్దాయనతో మాట్లాడలేదు. ఓరోజు తనే వచ్చి, గుమ్మంలోనే నిలబడి అడిగాడట.

''ఫిర్యాదులో నా సంతకం కూడా పెట్టొచ్చా మాస్టారూ?''

మేనల్లుడు మాత్రం ఇంకా ఆ కంపెనీ మనిషే. అయితే ఈమధ్య ఎవరినైనా స్థలం చూపించడానికి తీసుకెళ్లేముందు సర్వే పటం తెప్పిస్తున్నాడని మేనత్త చెబుతోంది. దానివల్ల రెండు బేరాలు పోయాయట. ఆ రెండు కుటుంబాలు తమ డబ్బు ఎక్కడ మిగిలిందో తెలియకుండానే ఇంటికెళ్లి ఉంటాయి.

అడగడం తప్పు కాదు

స్థలం చూడ్డానికి వెళ్లేవాళ్లు ఈ ప్రశ్నలు నవ్వుతూనే అడగొచ్చు. నిజాయతీగా అమ్మేవాడు వీటికి ఇబ్బంది పడడు.

* రెరా నమోదు నంబరు ఎంత? ఏజెంటు నంబరు ఎంత? రెండూ రెరా వెబ్‌సైట్‌లో సరిచూసుకోవాలి.

* వీఎంఆర్‌డీఏ ఇచ్చిన ఎల్పీ నంబరు ఉందా? 'వచ్చేస్తుంది' అంటే, వచ్చాకే మాట్లాడదామనాలి.

* దస్తావేజులోని సర్వే నంబరూ, రాళ్లు పాతిన చోటూ ఒకటేనా? సొంత ఖర్చుతో సర్వేయరు చేత కొలిపించుకోవడం మేలు.

* ఈసీ, లింకు డాక్యుమెంట్లు ఎన్నేళ్లవి ఉన్నాయి? ఆ సర్వే నంబరు 22-ఎ నిషేధిత జాబితాలో ఉందా? పాత రికార్డులో డి-పట్టా, పోరంబోకు, గెడ్డ, దేవస్థానం అన్న మాటలున్నాయా?

* రిజిస్టరైన అమ్మకపు ఒప్పందం లేకుండా ధరలో పది శాతానికి మించి అడ్వాన్సు తీసుకోవడానికి రెరా ఒప్పుకోదు. అంతకుమించి అడిగితే కారణం కనుక్కోవాలి.

* పక్కన ఎవరైనా ప్రశ్న వేస్తుంటే 'మాకెందుకులే' అని జరిగిపోకుండా, జవాబు వచ్చేదాకా ఆగి వినాలి. ఆ జవాబు అక్కడున్న అందరికీ అక్కరకొస్తుంది.